క్రాస్ పుంజుని జతకి ఎందుకు ఉంచనంటే

పదహారు వారాలు నిండిన రోజు పుంజుపిల్లల్ని తూకం వేస్తాను. వేలాడే కాటా కొక్కేనికి గుడ్డసంచి తగిలించి, పిల్లని అందులోకి దించి, అది రెక్కలు కొట్టుకోవడం మానేదాకా ఆగి అంకె చూస్తాను. ఆ రోజు ప్రతిసారీ ఏదో ఒక పుంజు నన్ను ఇబ్బంది పెడుతుంది. ఈసారి కాలికి ఆకుపచ్చ రింగు ఉన్నది. 2 కిలోల 650 గ్రాములు. రొమ్ము అరచేతి నిండా ఉంది. కాళ్ళ మధ్య మూడు వేళ్ళు సులువుగా పడుతున్నాయి. ఒంటినిండా బూడిదరంగు చారలు, తలమీద బఠాణీ గింజలు మూడు వరసల్లో అతికించినట్టు చిన్న ఎర్రటి జుట్టు. తల్లి బార్డ్ రాక్, ఒంటి మీద చారలుండే, గుడ్లు బాగా పెట్టే పాత జాతి. తండ్రి కార్నిష్, మాంసానికి పేరున్న జాతి. ఇద్దరిలో ఉన్న మంచంతా దీనికే వచ్చినట్టుంది. ఇలాంటిదాన్ని కోసుకు తినడమేమిటి, జతకి ఉంచి పిల్లలు తీస్తే పోలా అని ఎవరికైనా అనిపిస్తుంది.

మూడేళ్ళ కిందట నాకూ అనిపించింది. ఉంచాను. అప్పటి క్రాస్ పుంజు అక్కాచెల్లెళ్ళలోంచే అయిదు పెట్టల్ని ఏరి దానితో వదిలాను. ఇక నా సొంత మాంసం జాతి తయారైపోయిందని, ఏడాదికోసారి కార్నిష్ పుంజుని వెతుక్కునే బాధ తప్పిందని తెగ సంబరపడ్డాను.

ఇరవై ఏడు పిల్లలు లేచాయి. మొదటి వారంలోనే తేడా కనిపించింది. కొన్ని తండ్రిలా ముద్దగా, కొన్ని రాక్ పిల్లల్లా పొడుగ్గా, రెండు మూడు మాత్రం ఇద్దరికీ సంబంధం లేనట్టు బక్కగా ఉన్నాయి. జుట్లు తేలేసరికి లెక్క పెట్టాను. ఇరవైకి బఠాణీ జుట్టు, ఏడింటికి రంపపు పళ్ళలాంటి మామూలు జుట్టు. వాటి అమ్మానాన్నల్లో ఒక్కదానికి కూడా రంపపు జుట్టు లేదు. అమ్మమ్మల కాలంనాటిది తిరిగొచ్చింది. బఠాణీ జుట్టు బహిర్గత లక్షణం, అంటే తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వచ్చినా పైకి కనిపించేది, కాబట్టి మొదటి తరంలో అందరికీ అదే వస్తుంది, రెండో తరంలో నాలుగింట ఒకటికి పాతది బయటపడుతుంది. మెండెల్ బఠాణీ మొక్కల్లో చూసింది జంతువుల్లోనూ నడుస్తుందని 1902లో బేట్సన్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త చూపించింది కోళ్ళతోనే, అదీ ఈ జుట్లతోనే. ఆయన కావాలని చేసిన ప్రయోగాన్ని నేను ఆశకు పోయి చేశాను.

జుట్టు ఎలా ఉంటేనేం, కూరలో పడేది కాదుగా అనుకోవచ్చు. కానీ జుట్టు ఒక్క జన్యువు పని. బరువు, రొమ్ము, ఎముక, ఎదుగుదల వందల జన్యువుల పని. జుట్టు ఎలా విడిపోయిందో ఇవీ అలాగే విడిపోయాయి, కాకపోతే కంటికి కనిపించకుండా. పదహారో వారం కాటా మీద మాత్రం కనిపించాయి. అన్నిటికన్నా తేలికది 1 కిలో 900. అన్నిటికన్నా బరువైంది 2 కిలోల 850. సగటు తీస్తే మొదటి తరం కంటే దాదాపు వంద గ్రాములు తక్కువ. మొదటి తరంలో ఏ పిల్లని పట్టుకున్నా అన్నీ ఒక్క అచ్చులో పోసినట్టుండేవి. ఇక్కడ ఒకే రోజు కోద్దామంటే సగం పిల్లలు ఇంకా తయారే కాలేదు.

దీని వెనకున్న లెక్క పెద్ద కష్టమేమీ కాదు. రెండు వేరు జాతుల్ని కలిపితే మొదటి తరానికి వచ్చే అదనపు చురుకుని సంకర తేజం అంటారు. తల్లి వైపు జాతిలో ఏళ్ళ తరబడి పేరుకున్న లోపాల్ని తండ్రి వైపు జన్యువులు కప్పేస్తాయి, తండ్రి వైపువి తల్లి వైపువి కప్పేస్తాయి. ఆ కప్పడం మొదటి తరంలో పూర్తిగా జరుగుతుంది. ఆ పిల్లల్ని వాటిలో వాటికే జత కడితే ఆ తేజంలో సగం పోతుంది. నేనేమో సొంత అన్నాచెల్లెళ్ళనే కలిపాను కదా, మళ్ళీ ఒకే రకం జన్యువులు రెండు వైపుల నుంచీ వచ్చి కలిసే అవకాశం నా చేత్తో నేనే ఇచ్చాను.

ఇంతకీ ఈ సంకర తేజం బరువు మీద చూపే ప్రభావం మనం ఊహించుకున్నంత ఉండదు. గుడ్డు పొదగడం, పిల్ల బతకడం, మొదటి వారాల్లో రోగానికి తట్టుకోవడం, పెట్ట గుడ్లు పెట్టడం లాంటివాటిలో దాని సత్తా బాగా కనిపిస్తుంది. బరువులో కొంచెమే. రొమ్ము ఆకారంలో దాదాపు లేదనే చెప్పాలి, తల్లిదండ్రులకి మధ్యస్థంగా వచ్చి ఆగిపోతుంది. నా దగ్గర పదహారు వారాలకి శుద్ధ కార్నిష్ పుంజుపిల్ల 2 కిలోల 700 దగ్గర తూగుతుంది, శుద్ధ రాక్ 2 కిలోల 300 దగ్గర. రెండిటి మధ్య 2 కిలోల 500. క్రాస్ పిల్లలు దానికి ఒక వంద, నూట యాభై గ్రాములు పైన. అంటే ఆకుపచ్చ రింగు పుంజు, నేను అంత మురిసిపోయిన పుంజు, వాళ్ళ నాన్న అదే వయసులో ఉన్నంత బరువు కూడా లేదు!

ఇది చెబితే మిత్రులు కొందరు నొచ్చుకుంటారు. రెండు మంచి పాత జాతుల్ని కలిపితే బ్రాయిలర్ లాంటిది పుడుతుందని చాలామంది నమ్మకం. "బ్రాయిలర్ కూడా కార్నిష్, రాక్ క్రాసే కదండీ?" అని అడుగుతారు. మాట నిజమే. 1948లో అమెరికాలో ‘రేపటి కోడి’ పేరుతో జాతీయ పోటీ ఒకటి జరిగింది. కోళ్ళు పెంచేవాళ్ళు గుడ్లు పంపారు, వాటిని డెలావేర్ రాష్ట్రంలో ఒకేచోట పొదిగించి, అన్నిటికీ ఒకే దాణా పెట్టి పెంచి, కోసి, మాంసం చూసి మార్కులు వేశారు. కాలిఫోర్నియా నుంచి వచ్చిన వాన్‌ట్రెస్ అనే పెంపకందారు గెలిచాడు, కార్నిష్‌నీ న్యూ హాంప్‌షైర్ అనే కోడి జాతినీ కలిపిన క్రాస్‌తో. శుద్ధ జాతుల వైపు ఆర్బర్ ఎకర్స్ ఫారం వాళ్ళ తెల్ల ప్లిమత్ రాక్, అంటే రాక్‌లలోనే తెల్ల రకం, ముందు నిలిచింది. ఇప్పటి బ్రాయిలర్ వంశం ఆ కాలం పుంజుల్లోంచి వచ్చిందే.

అయితే ఆ పోటీ మొదలు మాత్రమే. కెనడాలో ఆల్బర్టా విశ్వవిద్యాలయం వాళ్ళు 1957 నాటి కోడి వంశాన్ని, 1978 నాటిదాన్ని, 2005 నాటి బ్రాయిలర్‌ని పక్కపక్కనే ఒకే దాణా మీద పెంచి 2014లో ఫలితాలు వెల్లడించారు. 56 రోజులకి 1957 నాటిది 905 గ్రాములు, 1978ది 1,808, 2005ది 4,202. దాణా ఒకటే, రోజులు ఒకటే. అంతకుముందు 2003లో వచ్చిన మరో అధ్యయనం ఇలాంటి పోలికే చేసి, ఎదుగుదలలో వచ్చిన మార్పులో 85 నుంచి 90 శాతం జన్యువుల ఎంపిక వల్లేనని తేల్చింది, దాణా మెరుగుదల వాటా 10 నుంచి 15 శాతమే. క్రాస్ చేయడం 1948 నాటికే ఉంది. ఆ తర్వాత తరం వెంట తరం వేల కోళ్ళని తూచి, నూటికి కొన్నిటినే ఉంచి, మిగతావి తీసేస్తూ పోవడం వల్ల 905 కాస్తా 4,202 అయింది. పెరట్లో రెండు గూళ్ళ తలుపులు తీసి కలిపేస్తే అది మన దగ్గరికి రాదు.

అంత ఎదుగుదల మనకి కావాలా అన్నది వేరే సంగతి. ఆ బ్రాయిలర్ల అమ్మానాన్నల్ని చూడండి. ఆకలి తీరేంత తింటే బరువెక్కి కాళ్ళు పోతాయి, గుండె ఆగుతుంది, గుడ్లు పెట్టవు. అందుకని వాటికి ఎదిగే వయసులో కొలిచి కొలిచి, ఆకలి మిగిలేలాగానే మేత వేస్తారు. కడుపు నిండా తిని, ఎగిరి కర్రెక్కి, తనంతట తాను జత కట్టే కోడి నాకు కావాలి. అమెరికాలో పాత జాతుల్ని కాపాడే లైవ్‌స్టాక్ కన్సర్వెన్సీ సంస్థ హెరిటేజ్ కోడి అని దేన్ని అనాలో చెబుతూ పెట్టిన షరతుల్లో ఇవే ఉన్నాయి. సహజంగా జత కట్టాలి, ఆరుబయట ఏళ్ళ తరబడి బతికి గుడ్లు పెట్టగలగాలి, పదహారు వారాల కంటే ముందే కోత బరువుకి రాకూడదు. చివరిది చూసి మొదట్లో నవ్వొచ్చింది, నెమ్మదిగా పెరగడం కూడా అర్హతేనా అని. ఇప్పుడు నవ్వు రాదు. ఎముక, గుండె, కండ ఒకదాని వెంట ఒకటి పెరగడానికి ఆ వారాలు కావాలి.

సరే, బరువులో నూటయాభై గ్రాములే లాభమైతే అసలు క్రాస్ ఎందుకు చేస్తున్నట్టు? గుడ్ల కోసం. మాంసం గురించి మాట్లాడుతూ గుడ్లంటాడేంటి అనుకోకండి, ఇంట్లో మాంసం ఎంత వస్తుందన్నది ఎన్ని పిల్లలు లేచాయన్నదాన్ని బట్టే ఉంటుంది.

కార్నిష్ మాంసం కోడే. ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో 19వ శతాబ్దంలో అసీల్, మలయ్, అక్కడి పాత పందెం కోళ్ళ రక్తం కలిపి తయారుచేశారు. మొదట్లో దాని పేరే ఇండియన్ గేమ్. పందెం కోసమని చేస్తే పందెంలో తేలిపోయిందని, కోసి చూస్తే రొమ్ము నిండా మాంసమని చెప్పుకుంటారు. ఆ రొమ్ముకి తగ్గ వెడల్పు కాళ్ళు, పొట్టి కాళ్ళు. ఆ ఒంటితో పుంజు పెట్ట మీద సరిగ్గా నిలవలేదు, అందుకని గుడ్లు చాలావరకు గొడ్డుపోతాయి. పెట్ట పెట్టేవీ తక్కువే. నా దగ్గర మూడు కార్నిష్ పెట్టలు వారానికి తలో రెండు గుడ్లు పెడితే గొప్ప. ఎనిమిది వారాల సీజన్‌లో 48 గుడ్లు, అందులో సగం లేచినా 24 పిల్లలు. వాటి స్థానంలో మూడు రాక్ పెట్టలుంటే వారానికి నాలుగైదు చొప్పున వందకి పైగా గుడ్లు, నూటికి డెబ్బై అయిదు లేస్తాయి. అంటే ఎనభై పిల్లల దాకా. మధ్యస్థ బరువున్న పిల్లలు ఎనభై మేలా, బరువైనవి ఇరవై నాలుగు మేలా?

అందుకే మాంసం తండ్రి వైపు నుంచి, గుడ్లు తల్లి వైపు నుంచి తీసుకోవాలి. ఇది తిరగేస్తే క్రాస్ చేసీ ఉపయోగం లేదు. కార్నిష్ పెట్టల మీద రాక్ పుంజుని వదిలినా పిల్లల్లో జన్యువుల పాళ్ళు దాదాపు అవే, కానీ పిల్లల సంఖ్య కార్నిష్ పెట్ట దయ. గుడ్డు సైజు కూడా తల్లిదే. పెద్ద గుడ్డులోంచి పెద్ద పిల్ల వస్తుంది, మొదటి వారాల్లో ఆ తేడా బాగా తెలుస్తుంది. కార్నిష్ పుంజు ఒక్కటే ఉంటే దాన్ని ఎనిమిది పెట్టలకి మించి వదలను. మామూలు పుంజుకి పది పెట్టలు లెక్క, దీని నడుము సంగతి తెలుసు కాబట్టి నాకు ధైర్యం చాలదు. జత కట్టే కాలంలో దాని వెనక భాగంలో, పెట్టల వెనక భాగంలో కూడా మెత్తటి ఈకల్ని కాస్త కత్తిరిస్తాను. చూడ్డానికి వికారంగా ఉంటుంది, గొడ్డు గుడ్లు మాత్రం తగ్గుతాయి.

బార్డ్ రాక్ పెట్టల్ని ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. కోళ్ళలో మగదానికి రెండు జెడ్ క్రోమోజోములు, ఆడదానికి ఒక జెడ్, ఒక డబ్ల్యు. మనుషుల్లో ఉన్నదానికి తలకిందులు. చారల జన్యువు ఆ జెడ్ మీద ఉంటుంది. చారల పెట్ట తన ఒక్క జెడ్‌ని కొడుకులకే ఇస్తుంది, కూతుళ్ళకి డబ్ల్యు ఇస్తుంది. కాబట్టి చారలు లేని ముదురురంగు పుంజుతో జత కడితే కొడుకులందరికీ చారలు, కూతుళ్ళకి ఒక్కదానికీ ఉండవు. పిల్ల గుడ్డులోంచి బయటికొచ్చి ఆరిన గంటలోనే తెలిసిపోతుంది. నల్లటి పిల్లల్లో నెత్తిన తెల్లమచ్చ ఉన్నవి మగవి, మచ్చ లేనివి ఆడవి. మాంసానికి పెంచేవాళ్ళకి ఇది చాలా పెద్ద సౌకర్యం. మగవాటిని మొదటి రోజు నుంచే వేరు చేసి, వాటికి కావాల్సిన ఎక్కువ ప్రొటీన్ మేత వాటికి వేసుకోవచ్చు.

ఈ మచ్చే నన్నొకసారి పట్టించింది. రెండేళ్ళ కిందట పెట్టల దగ్గరున్న బార్డ్ రాక్ పుంజుని తీసేసి కార్నిష్‌ని వదిలాను. తొందరెక్కువ కదా, అయిదో రోజు నుంచే గుడ్లు ఏరి ఇరవై నాలుగు ఇంక్యుబేటర్‌లో పెట్టాను. ఇరవై ఒకటో రోజుకి పందొమ్మిది పిల్లలు లేచాయి. మచ్చల లెక్క పెడితే మచ్చ లేనివి నాలుగే. పందొమ్మిదిలో పదిహేను మగవా? లాటరీ కొట్టాననుకున్నాను. ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను కూడా. వారం పదిరోజులకి జుట్లు స్పష్టమయ్యేసరికి గాలి పోయింది. తొమ్మిదింటికే బఠాణీ జుట్టు. మిగతా పదింటికి రంపపు జుట్టు, అంటే అవి కార్నిష్ పిల్లలు కానేకావు, గూడు ఖాళీ చేసి వెళ్ళిన పాత పుంజు సంతానం. శుద్ధ బార్డ్ రాక్ పిల్లలకి మగకీ ఆడకీ కూడా మచ్చ ఉంటుంది.

పెట్ట ఒంట్లో పుంజు వీర్యాన్ని దాచుకునే సన్నటి గొట్టాలుంటాయి. ఒకసారి జత కడితే రెండు మూడు వారాల వరకు ఫలించిన గుడ్లు పెడుతూనే ఉంటుంది. పుంజుని మార్చాక కనీసం మూడు వారాలు ఆగాలి, నేనిప్పుడు నాలుగు వారాలు ఆగుతున్నాను. ఆ నాలుగు వారాల గుడ్లు వంటింటికి. జుట్టూ మచ్చా రెండూ గుర్తుపట్టే జాతులు కాబట్టి నా తప్పు బయటపడింది. రెండూ ఒకే రంగు, ఒకే జుట్టు ఉన్న జాతులైతే ఆ పదింటినీ క్రాస్ పిల్లలుగానే రాసుకుని, ‘ఈ క్రాస్‌లో పెద్ద లాభం లేదు’ అని తేల్చేసి ఉండేవాణ్ణి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు అందుకే తండ్రి గుర్తు పిల్ల మీద కనిపించే జతని ఎంచుకుంటే మంచిది.

ఇప్పుడు అసలు పని. క్రాస్ పిల్ల ఎంత బాగుంటుందన్నది దాని వెనకున్న శుద్ధ రాక్ పెట్ట, శుద్ధ కార్నిష్ పుంజు ఎంత బాగున్నాయన్నదాని మీదే ఆధారపడుతుంది. పాత జాతుల్లో చాలా వంశాలు దశాబ్దాలుగా అందం కోసం, ఈకల రంగు కోసం ఎంపికైనవి. చారలు గీత గీసినట్టుంటాయి, రొమ్ము ఎముక మాత్రం కత్తి అంచులా చేతికి గుచ్చుకుంటుంది. అలాంటి పెట్ట మీద ఎంత మంచి పుంజుని వదిలినా మధ్యస్థం మధ్యస్థమే. అందుకని ఏటా శుద్ధ రాక్ పిల్లల్ని ఎనిమిది వారాలు నిండాక ఒకసారి, పదహారు వారాలు నిండాక ఒకసారి తూచి రాసుకుంటాను. ఎనిమిదో వారం తూకం ముఖ్యం, తొందరగా ఎదిగే పిల్ల ఏదో అప్పుడే తెలుస్తుంది. పదహారో వారానికి అందరూ ఒకరినొకరు అందుకుంటారు. తూకం అయ్యాక పిల్లని ఒళ్ళో పెట్టుకుని రొమ్ము ఎముకకి అటూ ఇటూ వేళ్ళు పెట్టి చూస్తాను. ఎముక వంకర ఉంటే, కాలివేళ్ళు వంకర ఉంటే ఎంత బరువున్నా పక్కకే. వీపు తోక దాకా వెడల్పు తగ్గకుండా సాగాలి. రెండు చేతులతో రెక్కల కింద నుంచి పట్టుకుంటే గుండె దగ్గర చుట్టుకొలత తెలుస్తుంది, అది బక్కగా ఉన్న కోడి ఎప్పటికీ పెద్దగా తినదు, పెరగదు. మా ఆవిడ ఆ నోట్‌బుక్ తిరగేసి, "మన పిల్లల ప్రోగ్రెస్ కార్డు ఒక్కసారైనా ఇంత శ్రద్ధగా చూశారా?" అంది. జవాబు చెప్పలేదు.

ఇక్కడొక ఉచ్చు ఉంది. అన్నిటికన్నా బరువైన పెట్టల్నే ఉంచుతూ పోతే నాలుగైదు తరాల్లో గుడ్లు తగ్గిపోతాయి. ఎదుగుదల, గుడ్లు ఒకదాన్నొకటి కిందికి లాగే లక్షణాలు. నా మొత్తం లెక్క తల్లి గుడ్ల మీద నిలబడింది కాబట్టి ఆ కొమ్మని నరుక్కోలేను. రాక్ వైపు పుంజుల్ని బరువు చూసి ఏరతాను. పెట్టల్ని మాత్రం ముందు గుడ్ల లెక్క చూసి, ఆ తర్వాతే బరువు. కార్నిష్ వైపు దీనికి వ్యతిరేకం, అక్కడ బరువు ఎలాగూ ఉంది, పొదిగిస్తే లేచే గుడ్లు పెట్టే పెట్ట కొడుకునే అడిగి తెచ్చుకుంటాను.

శుద్ధ జాతుల్ని పెంచేవాళ్ళు కొందరికి క్రాస్ అన్న మాటే గిట్టదు. జాతిని పాడుచేస్తున్నారని వాళ్ళ కోపం. వాళ్ళు కాపాడే జాతులెక్కడి నుంచి వచ్చాయో ఒక్కసారి చూడాలి. బకై అన్న జాతిని 19వ శతాబ్దం చివర్లో ఒహాయోలో నెటీ మెట్‌కాఫ్ అనే ఆవిడ బార్డ్ రాక్, బఫ్ కొచ్చిన్, పందెం కోళ్ళని కలిపి తయారుచేసింది. డెలావేర్ జాతి 1940లో పుట్టింది, బార్డ్ రాక్ పుంజుల్ని న్యూ హాంప్‌షైర్ పెట్టల మీద వదిలితే తెల్లగా వచ్చిన కొన్ని పిల్లల్లోంచి. ఇవి క్రాస్ కాకపోతే మరేమిటి?

అయినా ఆ కోపంలో సగం న్యాయం ఉందని నా రెండో తరం పిల్లల్ని చూశాక ఒప్పుకున్నాను. 2 కిలోల 850 తూగినదాన్ని పట్టుకుని, దాని పిల్లల్లో మేలైనవాటిని ఏరుతూ పోతే కొత్త వంశం తయారవదా? అవుతుంది. మెట్‌కాఫ్ చేసింది అదే. దానికి ఏటా వందల పిల్లలు తీయాలి, నూటికి అయిదో పదో ఉంచాలి, అలా ఎన్నో ఏళ్ళు ఆగకుండా చేయాలి. ఇరవై పెట్టలున్న పెరట్లో ఇరవై ఏడు పిల్లల్లోంచి ఒకదాన్ని ఏరితే అది ఎంపిక కాదు, చీట్లాట. ఈలోగా శుద్ధ రాక్ పెట్టలు ముసలివైపోతాయి, వాటి స్థానంలో పిల్లలుండవు. మూడేళ్ళకి చేతిలో రాక్ ఉండదు, కార్నిష్ ఉండదు, ఏ తరం ఎలా వస్తుందో చెప్పలేని కోళ్ళ గుంపు మాత్రం ఉంటుంది. ఆ దారిలో సగం దూరం వెళ్ళి వెనక్కొచ్చినవాణ్ణి నేను.

కాబట్టి గుడ్ల వరస మార్చాను. సీజన్ మొదలవగానే పెట్టల దగ్గర రాక్ పుంజే ఉంటుంది. ఆ గుడ్లు శుద్ధ పిల్లలకి. వచ్చే ఏటికి కావాల్సిన పెట్టపిల్లలు, పుంజుపిల్లలు చాలినన్ని లేచాకే, నాలుగు వారాల ఎడం ఇచ్చి కార్నిష్ వస్తుంది. క్రాస్ పిల్లలన్నీ, ఆడా మగా తేడా లేకుండా, కోతకే. శుద్ధ పిల్లల్లో పనికిరానివీ కోతకే వెళ్తాయి. పిల్లల్లో సగం ఎలాగూ పుంజులు, ఏ ఇంటికీ అన్ని పుంజులు అక్కర్లేదు. శుద్ధ రాక్‌లని మూడు కుటుంబాలుగా పెట్టాను, రింగు రంగులు వేరు. పెట్టపిల్ల ఎప్పుడూ తల్లి కుటుంబంలోనే ఉంటుంది. పుంజుపిల్ల మాత్రం పక్క కుటుంబానికి అల్లుడుగా వెళ్తుంది, మొదటి కుటుంబం వాడు రెండోదానికి, రెండో కుటుంబం వాడు మూడోదానికి, మూడోదాని వాడు మొదటిదానికి. అన్నాచెల్లెళ్ళు కలిసే ప్రమాదం లేకుండా చాలా ఏళ్ళు నెట్టుకురావచ్చు. కార్నిష్ వైపు అంత పెట్టుబడి పెట్టలేదు. ఆ జాతిని శ్రద్ధగా పెంచే మిత్రుడి దగ్గర పుంజుని తెచ్చుకుంటాను. రెండు జాతుల్నీ నేనే ఏరి మెరుగుపరుస్తానంటే ఇల్లు గడవదు.

దాణా లెక్క దాచిపెట్టను. బ్రాయిలర్ కిలో బరువు పెరగడానికి రెండు కిలోల లోపే తింటుంది. నా క్రాస్ పుంజుకి కిలోకి మూడున్నర దాకా అవుతోంది, బయట తిరిగి ఏరుకున్నది కాక. పద్నాలుగో వారం నుంచి కూతలు, కొట్లాటలు. చుట్టుపక్కల ఇళ్ళు దగ్గరగా ఉన్నవాళ్ళకి ఆ కూతలే పెద్ద అడ్డంకి. చవగ్గా మాంసం కావాలనుకునేవాళ్ళు ఈ పని పెట్టుకోవద్దు. రొమ్ము కూడా బ్రాయిలర్‌కున్నట్టు దిండులా ఉండదు, మాంసంలో పెద్ద వాటా తొడలదీ కాళ్ళదీ. నడిచిన కండ కాబట్టి గట్టిదనం ఉంటుంది. కోసిన వెంటనే పొయ్యెక్కిస్తే రబ్బరు నమిలినట్టుంటుంది. బిగుసుకున్న కండ వదులయ్యేదాకా ఒకటి రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉంచి, సన్నటి సెగ మీద ఉడికిస్తే ఆ రుచి వేరు. ఈ ఆగడం తెలియక మొదటి కోడిని పాడుచేసుకుని, పాత జాతుల మాంసమే బాగోదని తీర్మానించినవాళ్ళు నాకు ముగ్గురు తెలుసు.

నిన్న ఆకుపచ్చ రింగు పుంజుని సంచిలోంచి తీశాక కాసేపు నేల మీద వదిలాను. రెండడుగులు వేసి, ఒళ్ళు దులుపుకుని, మెడ సాచి కూత పెట్టింది. గొంతు ఇంకా పగలలేదు, సగంలో కీచుమంది. నోట్‌బుక్‌లో 2,650 అని రాసి, పక్క గడిలో దాని తల్లి రింగు నంబరు రాశాను. ఆ పెట్ట పిల్లలు వరసగా రెండో ఏడు కూడా ముందున్నాయి. దాని శుద్ధ కొడుకులు మూడు వేరే గూట్లో ఉన్నాయి, వాటి తూకం ముందే అయిపోయింది. పుంజు కాలి నుంచి ఆకుపచ్చ రింగు తీసి డబ్బాలో వేసి, దాన్ని కోత గూట్లోకి మార్చాను.